మస్కట్‌లో పొద్దు కుంకే వేళ

యలహంక,
14-4-1998

శ్రీవారికి,

మేమిక్కడ క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తానని రాయాలి గానీ, ఆ ‘అక్కడ’ ఎక్కడో మొన్నటిదాకా నాకు తెలియదు. మీ ఉత్తరాలకు మస్కట్ నుంచి స్టాంపులంటించి పంపే మీ స్నేహితుడు నాగేంద్ర సెలవు మీద వచ్చాడు. నిలదీస్తే అనంతపురంలో మీరుండే లాడ్జి అడ్రసు ఇచ్చాడు. మస్కట్‌లో ఉద్యోగమిప్పిస్తానన్న ఏజెంటు మిమ్మల్ని బొంబాయిలో వదిలేసి పారిపోయాడట కదా. మోసపోయి వచ్చానంటే తలుపు తీయనిదాన్నా నేను?

అనూష చదువెలా ఉందని అడిగారు. ఆ భాగోతమే చెబుతాను, తీరిగ్గా కూర్చుని చదవండి.

ఏడో తరగతిలో గ్లోబు పాఠం చెప్పారు. అడ్డంగా చుట్టూ తిరిగే గీతలు అక్షాంశాలు, కర్బూజా చారల్లా పైనుంచి కిందికి దిగేవి రేఖాంశాలు. పొద్దు పడమటికి ఒక్కో డిగ్రీ జరగడానికి నాలుగు నిమిషాలు పడుతుందట. మస్కట్ మనకు పడమట పంతొమ్మిది డిగ్రీల దూరం. అంటే మనకు పొద్దు కుంకాక కూడా అక్కడ గంటకు పైగా ఎండ ఉండాలి.

మార్చిలో రత్నమ్మ గారి అంగడికి ఫోను చేసి పిల్లకేం చెప్పారో గుర్తుందా? "ఇప్పుడే పొద్దు కుంకతా ఉండాదమ్మా, సముద్రమంతా ఎర్రగా ఉండాది" అన్నారు. అంగడి ముందు మాకూ అప్పుడే కుంకుతోంది. పిల్ల ఇంటికొచ్చి తన గ్లోబు తిప్పి తిప్పి చూసింది.

"అమ్మా, నాయన ఉండే చోట ఇంకా ఎండ ఉండాల కదా? నా లెక్క తప్పా, నాయన చెప్పింది తప్పా?"

అనంతపురం సరిగ్గా మన రేఖాంశం మీదే ఉందని పటం చూస్తే ఇప్పుడు తెలిసింది. సముద్రమొక్కటే మీరు తెచ్చిపెట్టుకున్నారు.

పడమటి ఊళ్ళలో పొద్దు ముందు కుంకుతుందా, వెనకా అని పరీక్షలో అడిగారు. అన్నిచోట్లా ఒకేసారి కుంకుతుందని రాసి, కింద "మా నాయన చూసి చెప్పినాడు" అని కూడా రాసింది. టీచరు అది చదివితే క్లాసంతా నవ్వారట. ఇప్పుడా గ్లోబును అటకెక్కించింది. "నాకు లెక్కలు రావులేమ్మా" అంటోంది.

ఒక మాట ఇంతదాకా దాచాను. ఆ సాయంత్రం నాకు అనుమానం రాకపోలేదు. అయినా మీ పరువు కోసం "మీ నాయన అబద్ధం చెప్తాడా? నీ లెక్కే తప్పు" అన్నాను. పిల్ల సరిగ్గా చేసిన లెక్కను తప్పనిపించారు నాతో. మీ మీద ఎంత కోపముందో నా మీదా అంతే ఉంది.

వచ్చే ఆదివారం రండి. అటక మీది గ్లోబు మీ చేత్తోనే దించి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, లెక్క సరైనదేననీ తప్పు మీదేననీ చెప్పండి. రాకపోతే నేనే చెబుతాను. ఆ తరువాత మీరు ఏ రేఖాంశం మీదున్నా మాకు ఒకటే.

ఇట్లు,
అనూష తల్లి