మూరెడు మిగిలిన జంపఖానా

కొత్తవాడ, వరంగల్,
ఆదివారం.

బాపుకు,

నీ బిడ్డ సునీత నమస్కారం పెట్టి రాస్తున్నది. అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. ఇంట్లో మాత్రం బాగా లేం. తొమ్మిది రోజులుగా అమ్మ నాతో మాట్లాడడం లేదు. ఎందుకో చివర్లో చెప్తాను, ముందే చెప్తే మిగతాది చదవవు. చెవులు డాక్టరుకు చూపించుకున్నావా? ఆ భీవండి పవర్‌లూమ్ సాంచెల చప్పుడు నీ చెవులను తినేసింది. ఫోన్ చేస్తే "ఆఁ? ఏందీ?" అంటావు. నీ గదిలో ఉండే ఐదుగురూ నా మాటలు విని నీకు అరిచి చెప్తారు. ఈ సంగతి వాళ్ల నోట నువ్వు వినకూడదు. అందుకే రాస్తున్నాను.

స్కూలు నౌకరీ ఎందుకు వదిలావని మళ్లీ అడిగావు. ఎన్నిసార్లు చెప్పాలి బాపూ! నాలుగేళ్లు కంప్యూటర్ చెప్పాను, డ్రాయింగ్ పీరియడ్ కూడా నాకే అంటగట్టారు. ఆ పీరియడ్‌లోనే పిల్లలు నోరు విప్పేవాళ్లు. తమ ఇళ్లలో జరిగేవాటిని నాటకం కట్టి ఆడేవాళ్లు. ప్రిన్సిపాల్ తలుపులో నిలబడి, "డ్రాయింగ్ పీరియడ్ల మ్యాథ్స్ టెస్టు పెట్టుర్రి మేడం. పేరెంట్స్ గంతులకు ఫీజు కడ్తలేరు" అన్నాడు. నేను ఊరుకోలేదు. మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండని వచ్చేశాను.

తర్వాత హైదరాబాద్ సంస్థలో రెండేళ్లు చేసింది నీకు తెలుసు. మరిపెడ, కేసముద్రం తిరిగి సర్వే కాగితాలు నింపడమే పని. మీ సమస్యలేంటని అడిగితే పిల్లలు తల దించుకుని నేల చూసేవాళ్లు. ఒకరోజు కేసముద్రం మార్కెట్ యార్డులో పద్మ అనే పదహారేళ్ల పిల్ల, తన చదువు ఎట్లా ఆగిపోయిందో పత్తి బస్తాల మీద నిలబడి ఆడి చూపించింది. హమాలీలు బస్తాలు కింద పెట్టి మరీ చూశారు. నా ఫారంలో అది రాయడానికి గడి లేదు. ఆరోజే పిల్లలతో నాటకాలు ఆడించే సంస్థ సొంతంగా పెట్టాలని గట్టిగా అనుకున్నాను.

అది సర్కారుదా, ప్రైవేటుదా, పింఛను వస్తుందా అని అడిగావు. సర్కారుది కాదు, వ్యాపారమూ కాదు. పింఛను రాదు. ఏడుగురం కలిసి రిజిస్టర్ చేయించాం. పక్కింటి మల్లక్క సంతకం పెడుతూ, "దీనికి లోన్ గిట్ల వస్తదా పిల్లా?" అని అడిగింది. ఆరోజు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఒక కంపెనీ ఆయన, తమ పేరున్న టీషర్టులు వేసుకుని పిల్లలు యాన్యువల్ డేలో డ్యాన్స్ చేస్తే సాయం చేస్తానన్నాడు. డబ్బు సాయం అడిగితే హైదరాబాద్ ఫౌండేషన్ వాళ్లు ఎంతమంది పిల్లలు మారారో శాతంలో రాయమన్నారు. పద్మ ఎంత శాతం మారిందని రాయను? నా తలకాయ!

మాకు కావలసింది నీడ. ఖిలా వరంగల్‌లో రాళ్ల మధ్య ఎండలో ప్రాక్టీసు చేస్తే టూరిస్టులు ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగేవాళ్లు, ఆడపిల్లలు బిగుసుకుపోయేవాళ్లు. హాలు అడగడానికి పోతే ఒక పెద్దమనిషి, "ఆడపిల్లలు, మొగపిల్లలు కల్సి ఎగురుడేంది? నడువది" అన్నాడు. ఇరవయ్యో తారీఖున ఫౌండేషన్ వాళ్లు చూడ్డానికి వస్తారు. అప్పటికి పైకప్పున్న జాగా లేకపోతే ఈ ఏడు సాయం లేనట్టే. ముప్పై ఇద్దరు పిల్లలు, బాపూ. రేపు ఎక్కడికి రావాలి అక్కా అని రోజూ అడిగేవాళ్లు.

ఇక నువ్వు ప్రతి ఉత్తరంలో అడిగేది. మగ్గం ఎట్లున్నది, దుమ్ము దులుపుతున్నారా అని.

మగ్గం లేదు బాపూ. ముందటి గదిలోంచి తీసేశాను. మగ్గం గుంట మట్టితో పూడ్చి పైన బండలు వేయించాను.

కూర్చుని నేసినవాడే పోగు తెంపాలని మన ఇంట్లో లెక్క. మగ్గం మీద జంపఖానా మూరెడు నేయకుండా మిగిల్చి, "నేనే వచ్చి దించుత, ఎవ్వరు చెయ్యి పెట్టద్దు" అని నువ్వు భీవండి పోయి ఆరేళ్లు. నేతపని చేసే కుమారస్వామి తాత పోయిన వారం శనివారం వచ్చి చూసి, "తెంపకు బిడ్డా. సోమారం మా వాళ్లను తోల్కొస్త. పడుగు చుట్టి పెడ్తం, ఒక్క పోగు గూడ తెగది" అన్నాడు. సరే తాతా అన్నాను. ఆయన గల్లీ దాటకముందే కత్తెర తీసుకుని పడుగు పోగులన్నీ తెంపేశాను. చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి ఉరికి వచ్చింది. "ఎంత పని జేస్తివే!" అని అక్కడే కూలబడింది. తర్వాత ఆ జంపఖానా మడిచి పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది.

పిల్లల కోసమే తెంపానని అందరికీ చెప్తున్నాను. అబద్ధం. సోమవారం దాకా ఆగితే పిల్లలకు పోయేదేమీ లేదు. నీ మీద కోపంతో తెంపాను. ఆరేళ్లలో నాలుగుసార్లు వచ్చావు, పెళ్లికో, చావుకో. మూరెడు నేయడానికి నీకు ఒక్క పూట చాలు. నాలుగుసార్లూ మగ్గం చుట్టూ తిరిగి, చేత్తో నిమిరి, బస్సెక్కావు. అది అయిపోతే ఇంటికి రావడానికి నీకు ఇంకేం మిగలదని నీ భయం. నాకు తెలుసు. తెలిసే తెంపాను. ఆ మూరెడు చూసుకుంటూ అమ్మ నీ కోసం ఎదురుచూస్తుంటే నాకు ఒళ్లు మండేది. మనిషి ఉండాల్సిన చోట మగ్గమేంది బాపూ?

తప్పు చేశాను. ఆ గదిలో పిల్లలు మొదటిరోజు ఆడుతుంటే నాకు సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది.

ఇల్లు నీ పేరు మీద ఉంది. గది వాడుకోవడానికి నీ ఒప్పుకోలు కావాలి. ఆ కాగితం ఇందులోనే పెట్టాను. దాన్ని పోస్టులో పంపకు. నువ్వే పట్టుకుని రా. సంతకం పెడతావో, చింపి నా ముఖాన కొడతావో, ఏం చేసినా ఇంటికొచ్చి అమ్మ ముందు చెయ్యి.

ఇట్లు,
కోపం ఇంకా దిగని నీ బిడ్డ,
సునీత