గునుగులా కోసిన నా లావెండర్

ఇల్లినాయ్ రాష్ట్రంలో, అరోరా దాటాక మొక్కజొన్న చేల నడుమ లావెండర్ సాగు చేసే గుండేటి దమయంతి అనే నేను, కీ.శే. వెంకటస్వామి భార్యను, తుంటి విరిగినా తెలివి చెడలేదని డాక్టర్‌తో రాయించుకుని, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా. ఇదివరకు రాసినవి చెల్లవు.

1. నా మరిది జితేందర్ పేరు ముందు రాస్తున్నాను, మంచివాడని కాదు. మూడేళ్ళ కిందట నేను తుంటి ఆపరేషన్‌కని హాస్పిటల్‌లో ఉండగా, అందరికన్నా ఎత్తైన బతుకమ్మ తనదే కావాలని, రెండో పూత మీదున్న నా పొలం మీద పడ్డాడు. ఇక్కడ గునుగు దొరకదని లావెండర్‌ని గునుగులాగే మొదలంటా కోశాడు. గునుగు గింజ రాలితే మళ్ళీ మొలుస్తుంది. లావెండర్‌ని ముదురు కాడ దాకా కోస్తే ఇక చిగురు వేయదు. పైగా ఫస్ట్ ప్రైజ్ పట్టుకుని నా మంచం దగ్గరకొచ్చి, వదినె పొలం పేరు నిలబెట్టానన్నాడు. ఎండాకాలానికి పొలమంతా పుల్లలే. ఆయన పోయాక నాకు తోడున్నవి ఆ మొక్కలే. జితేందర్ మొహం చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

2. నా స్టీల్ డబ్బాలు రెండూ జితేందర్ భార్య, నా తోటికోడలు రేణుకి. ఎలాగూ తిరిగివ్వదు.

3. ఇల్లు, షెడ్, నూనె తీసే రాగి పాత్ర, వెనక పొలం జితేందర్ కూతురు ప్రణవికి. ఆ రోజు షెడ్ వెనక వరసకి కార్ అడ్డం పెట్టి, డాడీ ఇది పెద్దమ్మది, డోంట్ టచ్ అని భీష్మించుకు కూర్చుంది ఆ పిల్లే. ఆ ఒక్క వరస కొమ్మలు నాటే ఇద్దరం మళ్ళీ సగం పొలం లేపాం. నా ఊదా స్వెటర్ కూడా నీకే బిడ్డా, పొద్దున పొలంలో చలేస్తుంది.

4. గోడౌన్ వాళ్ళకి అమ్ముదామని జితేందర్ కన్నేసిన రోడ్డువైపు నేల జితేందర్‌కే రాస్తున్నాను.

5. ఇద్దరే సాక్షులున్నప్పుడు, వారికి గానీ వారి భార్యాభర్తలకు గానీ రాసింది ఇక్కడ చెల్లదని లాయర్ అనుష్క చెప్పింది. రేణు డబ్బాలూ పోతాయి, పోనీ. చెల్లనిదంతా ప్రణవికే. రోడ్డువైపు నేల నీకే రాశానని చెబితే చాలు, జితేందర్ చదవకుండానే సాక్షి సంతకానికి పెన్ను తీస్తాడు. నా మొక్కల్ని కూడా చూసి కోయలేదు.

ఎంగిలిపూల బతుకమ్మ రోజు, 21 సెప్టెంబర్ 2025.

(సంతకం) గుండేటి దమయంతి

సాక్షులు:
1. నిశాంత్, లాయర్ ఆఫీస్ ఉద్యోగి
2. గుండేటి జితేందర్. అంతా చదివే సంతకం చేశాను.