నవ్వనివాళ్ల గది తాళంచెవి

సంక్షేమాధికారిగారి సముఖమునకు, ముద్రణాలయము బైండింగు విభాగంలో పంతొమ్మిదేళ్లుగా పనిచేయుచున్న బైండరు సమర్పించుకొను అర్జీ.

విషయం: వెనుకవైపు పాత కాగితాల కొట్టు తాళం తీయించుట గురించి, నేను నవ్వకపోవుట గురించి కూడా.

అయ్యా,

తమరు ఈ కార్యాలయమునకు విచ్చేసి ఏడు నెలలైనది. ఈ ఏడు నెలల్లో సిబ్బంది సంతోషం కోసం తమరు పడుతున్న పాట్లు చూస్తే ఎవరికైనా ఏడుపు వస్తుంది. ఆ పాట్ల వలన నాకును, మరి ఆరుగురికిని కలిగిన కష్టమును దిగువ అంశముల వారీగా మనవి చేసుకొనుచున్నాను.

1. నాకు పన్నెండేళ్లుగా డిప్రెషన్ అను జబ్బు ఉన్నది. తమరు సర్క్యులర్లలో దీనిని "తాత్కాలిక నిరుత్సాహము" అని రాయిస్తున్నారు. ఆట ఓడిపోతే వచ్చేది నిరుత్సాహం. నాకు వచ్చింది అది కాదు. పొద్దున లేచి స్నానాలగదిలోకి వెళ్లి, చెంబు చేత్తో పట్టుకుని, నీళ్లు పోసుకోవాలా వద్దా అన్నది తేలక ముప్పావుగంట నిలబడిపోయేవాణ్ణి. మా ఆవిడ తలుపు కొట్టి "ఏమైందండీ?" అనేది. ఏమీ కాలేదు. ఏదైనా అయివుంటే అదే చెప్పి బయటపడేవాణ్ణి.

ఒకరోజు మా అమ్మాయి, అప్పటికి తొమ్మిదేళ్లది, బడిలో గీసిన బొమ్మ తెచ్చి నా ముందు పెట్టింది. చూశాను. బాగుందని తెలుస్తోంది. ఆ మాట గొంతులోంచి పైకి రావడం లేదు. అది నా మొహంలోకి చూసి, "నాన్నా, నా మీద కోపమా?" అని అడిగింది. కాదని చెప్పడానికి కూడా నాకు నోరు లేవలేదు. బొమ్మ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈ సంఘటనకు తేదీ జతపరచలేకపోవుచున్నాను, క్షమించవలెను.

2. ఆ కాలంలో సలహాలకు లోటు లేకపోయినది. మా అన్నయ్య వచ్చి, "నీకేం తక్కువరా? ఉద్యోగముంది, బంగారంలాంటి పెళ్లాం ఉంది. లేని రోగం ఎందుకు తెచ్చిపెట్టుకుంటావ్?" అన్నాడు. మా వదిన పొద్దున్నే నడవమంది. పక్కింటాయన పక్షుల్ని పెంచమన్నాడు. పక్షులు ఏం పాపం చేశాయో చెప్పలేదు. చివరికి మా ఆవిడే నా చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ మాత్రలు రాశారు. మాత్రలతో స్నానాలగదిలోంచి బయటికి రాగలిగాను. వచ్చాక ఎటు వెళ్లాలన్నది మాత్రం మిగిలిపోయింది.

సదరు జబ్బుకు సెలవు కోరగా, దరఖాస్తులో "జబ్బు సోకిన శరీరభాగము" అను గడి ఖాళీగా ఉన్నదని తమ కార్యాలయము వారు తిప్పి పంపినారు. "మొత్తం" అని రాసి పంపాను. అస్పష్టముగా ఉన్నదని మళ్లీ తిప్పి పంపినారు. మూడోసారి "ఎడమకాలు" అని రాశాను. సెలవు మంజూరైనది.

3. నాలుగేళ్ల కిందట, ఒక మధ్యాహ్నం, కుట్టాల్సిన పుస్తకం బల్ల మీద ఉంది, కాగితాలకు బెజ్జాలు వేసే ఆర నా చేతిలో ఉంది, చెయ్యి కదలడం లేదు. కత్తిరింపు మిషను నడిపే పెద్దాయన, మేమంతా కటింగు మామ అంటాం, నన్ను చూసి మిషను ఆపేసి వచ్చాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?" అన్నాడు.

"ఏది మామా?"

"అదే."

నేను తల దించుకుని, "ఎనిమిదేళ్లు" అన్నాను.

"నాకు ఇరవై," అన్నాడు మామ. "పద, అన్నం తిందాం."

వెనక పాత కాగితాల కొట్టులో, దుమ్ములో, కాగితపు రీముల మీద కూర్చుని తిన్నాం. ఆయన నన్ను ధైర్యంగా ఉండమనలేదు. ఎందుకు వచ్చిందని అడగలేదు. నా పక్కన కూర్చుని నిదానంగా నమిలాడు. ఎనిమిదేళ్లలో ఆ రోజే నాకు తిన్న అన్నం రుచి తెలిసింది.

అది గురువారం. తరువాత ప్రతి గురువారం భోజన విరామంలో కలిశాము. ప్రూఫులు చూసే ఆవిడ వచ్చింది. లిఫ్టు నడిపే ఆయన వచ్చాడు. క్యాంటీనులో గిన్నెలు తోమే అక్క వచ్చింది. మిషను హాలు నుంచి అన్నదమ్ములిద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, గుమ్మంలో ఎదురుపడి తెల్లబోయారు. మొత్తం ఏడుగురం. అక్కడ పెద్ద చర్చలేమీ జరగలేదు. బతుక్కి అర్థం ఏమిటని మిషను హాలు తమ్ముడు ఒకసారి మొదలుపెట్టగా ప్రూఫులావిడ, "అర్థం సంగతి తర్వాత చూద్దాం గానీ నాయనా, నాకు పొద్దున తల దువ్వుకోవడానికి ఒక కారణం కావాలి, ముందు అది చెప్పు" అంది. మరుసటి గురువారం ఆవిడ శుభ్రంగా తల దువ్వుకుని వచ్చింది. కారణం మేమేనని మేం అనలేదు, ఆవిడా అనలేదు.

ఊరికే కూర్చోలేక, పక్క బడి గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు తెప్పించి కుట్టడం మొదలుపెట్టాం. గిన్నెల అక్కకు చదువు రాదు. ఆవిడ కుట్టు మాత్రం నాకంటే నయం.

4. ఇట్లుండగా తమరు విచ్చేసినారు. వచ్చిన నెలలోనే "ఉల్లాస కార్యక్రమము" ప్రకటించినారు. మంగళవారం పదకొండు గంటలకు మిషన్లు ఆపించి, మమ్మల్ని ఆవరణలో వరసలుగా నిలబెట్టి, హాజరుపట్టీలో సంతకాలు చేయించి, ఈల వేసి నవ్వమన్నారు. తమరు పిలిపించిన శిక్షకుడు, "గొంతులోంచి కాదు, పొట్టలోంచి! హా, హా!" అని అరిచాడు. నాలుగువందల మంది పొట్టలోంచి నవ్వారు. సూపర్‌వైజర్లు తమరికి కనిపించేటంత ఎత్తున నవ్వారు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అన్నారా? ఐదో విధం తమరి హయాంలో చూశాము.

నేను నవ్వలేదు. తమరిని ధిక్కరించడానికి కాదు. ఆ రోజుకు నాలో ఉన్న ఓపిక అంతా బూట్ల తాళ్లు కట్టుకోవడానికి ఖర్చైపోయింది. మూడు రోజుల్లో మెమో వచ్చింది: "ఉల్లాస కార్యక్రమంలో నవ్వనందుకు సంజాయిషీ ఇవ్వవలెను." "నవ్వు రాలేదు" అని సంజాయిషీ ఇచ్చుకున్నాను. సంతృప్తికరముగా లేదని తమరు ఎర్రసిరాతో రాసినారు. అయ్యా, ఆ సమాధానం నాకూ సంతృప్తికరంగా లేదు. పన్నెండేళ్లుగా అదే నా గొడవ.

5. పిమ్మట తమరు ఆరా తీయించగా, నవ్వనివారు ఏడుగురూ గురువారం ఒకేచోట చేరుచున్నారని తేలినది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉత్తర్వు వచ్చింది: "నిరాశాపరులు గుంపుగా కూడుట సంస్థ వాతావరణమునకు హానికరము." కాగితాల కొట్టు ఖాళీ చేయించి, పసుపురంగు వేయించి, "ఉల్లాస కేంద్రము" అని బోర్డు పెట్టించి, లోపల క్యారంబోర్డు వేయించారు. కాయిన్లు పోతాయని తాళం వేయించి, తాళంచెవి తమ సొరుగులో పెట్టుకున్నారు. నాలుగు నెలలుగా ఆ గదిలో ఉల్లాసం ఒంటరిగా ఉంటోంది. మేము కుట్టిన పుస్తకాలు, కుట్టవలసినవి కూడా, చెత్తబండిలో వెళ్లిపోయాయి. బడి పంతులమ్మకు ఏం చెప్పాలో తెలియక మామ ఆ వీధిలో నడవడమే మానేశాడు.

మెట్ల కింద కూర్చుంటే కాపలాదారు లేపాడు. చెట్టు కింద కూర్చుంటే ఫొటో తీశాడు. మేము విడిపోయాము.

6. ఇది చివరి అంశము. దయచేసి దీనిని నిలబడి చదవకండి.

మేము అలా విడిపోయిన మూడో వారంలో లిఫ్టు ఆయన డ్యూటీకి రాలేదు. లిఫ్టు ఆగినదని తమరు ఆయనకు మెమో పంపినారు. నాలుగో రోజు నేను, మా ఆవిడ వాళ్లింటికి వెళ్లాము. ఆయన ఒంటరి మనిషి. తలుపు దగ్గరికి వేసి ఉంది. పొయ్యి వెలిగించిన జాడ లేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దిండు పక్కన మాత్రల సీసా ఉంది. నిండుగానే ఉంది. దాన్ని చూస్తూ మూడు రోజులు పడుకున్నానని తరువాత ఆయనే చెప్పాడు.

"అన్నా, లే," అన్నాను.

ఆయన గోడకేసి చూస్తూనే, "గురువారం లేదుగా. మరి ఏ రోజు కోసం లేవాలి?" అన్నాడు.

మా ఆవిడ ముందు ఆ సీసా తీసి తన సంచిలో వేసుకుంది. తరువాత ఆయన చొక్కా తెచ్చి, చిన్నపిల్లాడికి తొడిగినట్టు ఒక్కో చెయ్యీ తొడిగింది. "గురువారం దాకా ఎందుకు అన్నయ్యా, ఇవాళ మాతో రా" అంది. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాము. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మేము వంతులేసుకుని ఉన్నాము. ఇప్పుడు కుదురుకున్నాడు. తిరిగి లిఫ్టు ఎక్కాడు. తమరిని రోజూ మూడో అంతస్తుకు చేర్చేది ఆయనే. తమరు ఒక్కసారైనా ఆయన ముఖం చూసి ఉండరు. తమ ఫొటో ఉన్న పోస్టరు లిఫ్టులో అంటించినారు గనుక దాన్నే చూస్తుంటారు.

ఆయనకిచ్చిన మెమోకు సంజాయిషీగా ఆసుపత్రి కాగితాలు జతపరచితిని. శరీరభాగము గడిలో ఏమి రాయమంటారో తమరే సెలవివ్వవలెను.

కావున పై విషయములన్నియు తమ తీరిక వేళ, ఈల పక్కన పెట్టి, చిత్తగించవలెను. కాగితాల కొట్టును ప్రతి గురువారము ఒక గంటసేపు మాకు తెరిపించవలెను. పసుపురంగు ఉండనివ్వండి, ఓర్చుకుంటాము. మమ్మల్ని సంతోషపెట్టవద్దని మాత్రం ప్రత్యేకముగా వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
బైండరు

తా.క. తాళంచెవి వచ్చేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి గనుక, నిన్న గురువారం మేము ఏడుగురమూ తమ గది ముందున్న సందర్శకుల బల్ల మీద కూర్చున్నాము. నియమావళి చూశాను, తప్పు లేదు. తమ బంట్రోతుగారు వచ్చి, "ఏం పని మీద వచ్చారు?" అని అడిగారు. "ఏం లేదు, కూర్చోడానికి," అన్నాడు లిఫ్టు ఆయన. బంట్రోతుగారు అటూ ఇటూ చూశారు. "కాస్త జరగండి," అన్నారు. జరిగాము. కూర్చున్నారు. కాసేపటికి, "మా ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఎవరికీ చెప్పలేదుగానీ నాకు అప్పట్నుంచీ ఏదీ పట్టట్లేదు," అన్నారు. ఎవరమూ సలహా ఇవ్వలేదు. గిన్నెల అక్క తన మంచినీళ్ల సీసా ఆయన చేతికిచ్చింది. ఆ సమయంలో తమరు లోపలి నుంచి మూడుసార్లు గంట కొట్టినారు. మూడుసార్లూ ఆయనకు వినబడింది. లేవబోతే నేనే భుజం మీద చెయ్యి వేశాను. మెమో ఇవ్వదలిస్తే నాకు ఇవ్వండి.