కళ్లకు గంతలు కట్టిన నాటకం

సుగుణక్కకు, ఇక్కడ బెంగాల్‌లో వాట్‌గంజ్ నుంచి చెల్లెలు లిల్లీ వందనాలు. ఫోన్‌లో అయితే ఏడ్చేస్తానని ఈ కార్డు రాస్తున్నాను.

నాటకాల్లో చేరి మా అమ్మాయి కారుణ్య చెడిపోతోందని దిగులుపడకు. నిన్న సాయంత్రం నేనే వెళ్లి దాని నాటకం చూశాను. చూశానంటే అబద్ధం, మా కళ్లకు గంతలు కట్టేశారు! రేవు దగ్గర పాత గోదాములో ఆట. స్టేజీ లేదు, కుర్చీలు లేవు. చేతికి మూట ఇచ్చి, ఊగే చెక్క మీద నడిపించి, ఓడ ఎక్కుతున్నామన్నారు. నీళ్ల చప్పుడు వినపడగానే మూటని గుండెకి హత్తుకున్నాను. ఎవరో నా చెవి దగ్గర గుసగుసగా బెంగాలీలో, "ఒడ్డున ఎవరిని వదిలేశావు?" అని అడిగారు.

"మా సుగుణక్కని!" అని గట్టిగా అరిచి ఏడ్చేశాను. ఆ వెంటనే చుట్టూ ఉన్నవాళ్లందరూ తమవాళ్ల పేర్లు కేకలేశారు. గంతలు విప్పి చూస్తే ఎదురుగా కారుణ్య, చెవిలో అడిగింది అదే! "ఏటమ్మా, నాటకంలో నా మాటలు నేనే మర్సిపోయేటట్టు సేసీసినావు" అంటూ నన్ను వాటేసుకుని నవ్వింది. నాటకం ఆడించే దాదా, అంటే ఇక్కడి మాటలో అన్న, "రోజూ రండి మాషీమా" అని నన్ను పిన్నీ అన్నట్టు పిలిచాడు. ఎంత సంతోషమేసిందో!

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు నెత్తళ్లు పంపు, ఇక్కడి ఎండుచేపలన్నీ ఇసుకే. కారుణ్యని అడిగిన గాజువాక సంబంధం వాళ్లకి అమ్మాయి నాటకాలాడుతుందని దాచకుండా చెప్పు. ఇష్టమైతేనే రమ్మను. బావగారికి వందనాలు, పిల్లలకు ముద్దులు. ప్రభువు మీ ఇల్లు చల్లగా చూడాలి.