రెండు పుట్టుమచ్చలు

నాంపల్లి,
1999 జూలై 5.

గోపాలరావు సారుకు, మీ దగ్గర పదో తరగతి చదివిన ఇవాంజెలిన్ వందనాలతో రాస్తున్నది.

మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను సార్.

నా పక్కన కూర్చునే వనిత గుర్తుందా? తల్లి లేని పిల్ల, సగం రోజులు మా ఇంట్లోనే తినేది. తను పది తప్పింది. ఆరేళ్ల కిందట అబిడ్స్‌లో జిరాక్సు తీయిస్తానని నా టెన్త్ మెమో పట్టుకుపోయి, బస్సులో పోగొట్టానని ఏడ్చింది. నేనే ఓదార్చాను, నాకంటే వెర్రిది ఉంటుందా. ఆ తర్వాత మళ్లీ కనబడలేదు. డూప్లికేటు కావాలంటే పోలీసు స్టేషన్లో రాయించుకోవాలన్నారు. భయపడి ఊరుకున్నాను, అబిడ్స్‌లో చీరల దుకాణంలో మడతలు పెట్టుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. మొన్న ధైర్యం చేసి డూప్లికేటు తెచ్చుకుని ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు పనికి దరఖాస్తు పెట్టాను. మా నాన్న పేరుతోనే, జయపాల్ కూతురు ఇవాంజెలిన్ అక్కడ ఐదేళ్లుగా పనిచేస్తున్నదట. చూస్తే వనిత.

జగన్మోహనరావు అనే ఆఫీసరు విచారణ పెట్టారు. మా అమ్మను తీసుకొస్తానంటే వినలేదు. "తల్లి బిడ్డ దిక్కే చెప్తది. మెమోల రాసిన మచ్చలు ఎవరికుంటె వాళ్లే ఇవాంజెలిన్. లేనోళ్ల మీద దొంగ సర్టిఫికెట్ కేసు పెడ్త" అన్నారు.

ఆ మచ్చలు నాకు లేవు సార్. వనితకు ఉన్నాయి. ఫారాలు నింపిన రోజు మీరు తల ఎత్తకుండా "రెండు మచ్చలు చెప్పమ్మా" అన్నారు. నావి రవికె కింద ఉన్నాయి. వెనక బెంచీలో మగపిల్లలు చెవులు రిక్కించి కూర్చున్నారు. సిగ్గుతో చచ్చిపోయి, పక్కనున్న వనితను చూసి, కుడి మణికట్టు మీద ఒకటి, ఎడమ చెవి కింద ఒకటి అని తనవే చెప్పాను. మీరు రాసేశారు.

పందొమ్మిదో తారీఖున విచారణకు వచ్చి, చూడకుండా రాశానని ఒక్క మాట చెప్పండి. లేకపోతే దొంగతనం తనది, జైలు నాది.

మీరు చూడడానికి డూప్లికేటు మెమో జిరాక్సు ఇందులో పెడుతున్నాను. దాని మీద అడ్డంగా "గోపాలరావు సారుకు మాత్రమే" అని తేదీ వేసి సంతకం పెట్టాను, ఏమీ అనుకోకండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకుంటున్నాను.

మీ విద్యార్థిని
ఇవాంజెలిన్


నాంపల్లి,
1999 జూలై 20.

గోపాలరావు సారుకు,

మీరు రాలేదు. పింఛను తీసుకునే వయసులో ఈ తంటా నాకెందుకమ్మా అన్న మీ కార్డు నిన్న పొద్దున, నేను బయల్దేరుతుంటే అందింది. చాలా కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

వనిత చెయ్యి చాచి చూపింది, జడ పక్కకు తీసి చెవి కింద చూపింది. నా చెయ్యి తిప్పి తిప్పి చూశారు, ఏమీ లేదు. అప్పుడు, పదో తరగతిలో మీకు చెప్పలేనిది నలుగురు మగవాళ్ల ముందు చెప్పాను. "గది కాగితంల లేదు కదమ్మా" అని ఆఫీసరు నా పేరు కింద ఎర్రగీత గీశారు.

ముగించబోతూ, ఫారంలో ఖాళీ నింపడానికి ఆయన వనితను అడిగారు.

"మీ నాయిన ఏం చేస్తడు?"

"మిషన్ దవాఖానల కంపౌండర్ సార్. ఇంక చేస్తనే ఉన్నడు."

తడుముకోకుండా చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మా నాయిన పోయిన మార్చిల చనిపోయిండు సార్. మట్టి కూడ ఇచ్చినం" అన్నాను.

అబద్ధమంటుందనుకున్నాను. అనలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజాలు పట్టుకుంది.

"ఎట్ల పోయిండే ఇవా? నాయిన పోతె నాకెందుకు చెప్పలే?"

ఆఫీసరు పెన్ను కింద పెట్టారు. తానేం అన్నదో తనకు తెలియడానికి కొంతసేపు పట్టింది. తెలిశాక కూడా ఏడుపు ఆపలేదు. మా నాన్న తనకూ అన్నం కలిపి పెట్టినవాడే.

నేనే ఇవాంజెలిన్‌నని రాసిచ్చారు. ఫిర్యాదు మీద సంతకం అడిగితే పెట్టాను. ఆరేళ్లు నావి సార్, ఎవరు తెచ్చిస్తారు?

పోలీసులు వచ్చేదాకా ఇద్దరం ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. ఆఖరి రోజుల్లో నాన్న ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు అని తను అడుగుతూనే ఉంది.

నీ గురించే అడిగాడని చెప్పాను.

ఇట్లు,
జయపాల్ కూతురు
ఇవాంజెలిన్