వచ్చేశా అనే మాట

అన్నయ్యా,

ఫోన్‌లో చెబితే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మా ఆఫీసులో ఒకే రకం ఎస్సెస్‌డీ డ్రైవుల మీద రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టి, ఏది ఫైళ్లు త్వరగా రాస్తుందో పోల్చి చూస్తున్నాం. ఒకటి రెండోదాన్ని చిత్తుగా ఓడించింది. నాకెందుకో అనుమానమొచ్చి, అది "రాసేశా" అని చెప్పిన మరుక్షణమే ప్లగ్గు పీకేశాను. మళ్లీ పెట్టి చూస్తే ఫైలు లేదు. కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోనే పట్టుకుని, డ్రైవుకి చేర్చకముందే రాసేశానని చెప్పేస్తోందన్నమాట.

"దాని అలవాటే అంత, గెలిచిందని రాసిచ్చెయ్" అంటున్నారు మేనేజరు. దాన్ని కొనేది ఆసుపత్రివాళ్లు, కరెంటు పోతే రోగుల వివరాలు గల్లంతే. నా చెయ్యి సంతకానికి రావడం లేదు.

అప్పట్నుంచి నాకు నువ్వే గుర్తొస్తున్నావు. నువ్వూ అంతేగా, నీ షాపులో ఇంకా చెప్పులు వెతుక్కుంటూనే ఫోన్‌లో "వచ్చేశా" అంటావు. ఇన్నాళ్లూ నవ్వుకున్నాం. ఇప్పుడు వదినకు నెలలు నిండాయి. రేపు నొప్పులు మొదలై, పక్కింటావిడ కారు తీస్తానన్నా వదిన ఎక్కదు. "ఆయన వచ్చేశానన్నారుగా" అని గుమ్మంలోనే కూర్చుంటుంది. మనందరిలో నీ మాటని ఉన్నదున్నట్టు నమ్మేది తనొక్కతే.

అందుకని ఈ నెల మాత్రం వీధి మలుపు తిరిగాకే ఆ మాట అను. బయల్దేరకపోతే బయల్దేరలేదనే చెప్పు. తిట్టుకుంటుంది, కానీ కారెక్కుతుంది.

నీ చెల్లి