తీసిన మెట్టెలు

శనివారం, రాత్రి

బందరు డయాలసిస్ నర్సుగారు రోజూ ఆరింటికి వీడియో కాల్ చేసి మా ఆయన పాదాలు చూస్తారు. ఇవాళ నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. ఆవిడ చూస్తే వెంటనే రమ్మంటారు. రేపు పొద్దున్నే మా రొయ్యల చెరువు పట్టుబడి, ఆయన దగ్గర లేకపోతే కుదరదు.

"నీ కాలు చూపించవే. ఫోన్లో ఆవిడకేం తెలుస్తుంది" అన్నాడు.

తిట్టాల్సింది. తిట్టకపోగా పసుపు కడుక్కుని, సబ్బు రాసి మెట్టెలు లాగేసి కిటికీలో పెట్టాను. కాల్ రాగానే నా పాదం ఫోన్ ముందు పెట్టాను. ఆయనే బొటనవేలితో నొక్కి చూపించాడు.

"వాపేం లేదండీ, బాగుంది. సోమవారం మామూలుగానే వచ్చేయండి" అన్నారావిడ. ఆ మాటకి మేమిద్దరం నవ్వుకున్నాం కూడా.

ఇప్పుడు పడుకుంటే ఊపిరాడటం లేదు ఆయనకి. గోడకానుకుని ఎగశ్వాస తీస్తున్నాడు. వద్దంటున్నా వినకుండా అంబులెన్సుకి ఫోన్ చేశాను. అవనిగడ్డ నుంచి రావాలట. డాక్టరు అడిగితే ఈ కాలి సంగతి చెప్పాల్సింది నేనే. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

బండి వచ్చేలోపు మెట్టెలు పెట్టుకుందామని కిటికీ అంతా తడిమాను.

ఒక్కటే దొరికింది.